బ్యాటరీ మార్పిడి: ధర వేరు, ధరావతు వేరు

విద్యుచ్ఛక్తితో నడచు బండ్లు నేడు మన డెల్టా ప్రాంతపు వీథులకు కొత్త కావు. ప్రయాణికులను చేరవేయు మూడు చక్రముల బండి, ఉద్యోగి యెక్కు స్కూటరు, ఇంటిల్లిపాదియు కూర్చుండు కారు - మూడును చమురు లేకయే నడచు కాలము వచ్చినది. ఈ బండ్లను కొనునప్పుడు జనులు ఒక లెక్క వేసికొందురు. పెట్రోలుకైన ఖర్చు ఇంత, కరెంటుకైన ఖర్చు ఇంత, మిగులు ఇంత అని. ఆ లెక్క తప్పు కాదు, కాని అసంపూర్ణము. పెట్రోలు బండి దినదినమును అడుగు ఖర్చును విద్యుద్వాహనము కొన్ని యేండ్లపాటు దాచి యుంచి, ఒక్కనాడు బ్యాటరీ రూపమున మన ముందుంచును.

ఆనాడు దుకాణదారుడు చెప్పు మొదటి మాటకును, గృహస్థుని చేతినుండి చిట్టచివరకు వెడలిపోవు సొమ్మునకును నడుమ కొంత దూరముండును. ఆ దూరములో ఏ భాగము తిరిగి వచ్చునది, ఏ భాగము తిరిగి రానిది, ఏ భాగము ముందుగా ఎవరును చెప్పనిది - దీనిని విచారించుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ముందుగా ధరావతు అను మాటకు అర్థము తెలిసికొందము. వంటగ్యాసు వాడు ప్రతి యింటికిని ఇది పరిచితమైనదే. 14.2 కిలోల సిలిండరుకు క్రొత్తగా చెల్లించవలసిన ధరావతు 2022 జూన్ 16 నుండి 1,450 రూపాయల నుండి 2,200 రూపాయలకు పెరిగినది. ఆ సొమ్ము గ్యాసు ధర కాదు, సిలిండరు ధరయు కాదు. సిలిండరు కంపెనీ సొత్తు. దానిని భద్రముగా తిరిగి అప్పగింతుమనుటకు మనముంచిన జామీను మాత్రమే అది. అట్లే కరెంటు కనెక్షనుకు మనము కట్టిన ధరావతుపై సరఫరా సంస్థ బ్యాంకు రేటుకు తగ్గకుండ వడ్డీ ఇయ్యవలెనని 2003 నాటి విద్యుచ్ఛట్టము 47వ సెక్షనులో నున్నది. వడ్డీ ఏల? ఆ సొమ్ము సంస్థ యొద్దనున్నను మనదే గనుక.

ఈ రెండు ఉదాహరణములనుండి ధరావతు యొక్క లక్షణములు తేటపడుచున్నవి. అది ఇచ్చినవాని సొమ్ము. అది తిరిగి వచ్చుటకు ఒక షరతుండును. ఆ షరతు ఒక కాగితముపై నుండవలెను. గ్యాసు కనెక్షను కాగితమును మనము బీరువాలో దాచుకొందుము. అదే బ్యాటరీకి కట్టిన ధరావతు రసీదునో, బిల్లు వెనుక పెన్సిలుతో వ్రాసిన అంకెనో చొక్కా జేబులోనే మరచిపోవుదుము. ఇంటి గ్యాసు ధరావతుకంటె బ్యాటరీ ధరావతు పెద్దదన్న సంగతి అప్పుడు తోచదు.

ఇక బ్యాటరీ దుకాణమునకు పోవుదము. అక్కడ అడుగు మొదటి ప్రశ్న, "పాతది తెచ్చారాండీ?" అని. ఏ ఇతర దుకాణములోను ఈ ప్రశ్న వినబడదు. చెప్పుల అంగడిలో పాతచెప్పుల నడుగరు. గడియారము కొనునప్పుడు ఆగిపోయిన గడియారమును తెమ్మనరు. బ్యాటరీ వర్తకుడు మాత్రము ఏల అడుగును? దీనికి రెండు కారణములు కలవు: ఒకటి లోహము, రెండవది శాసనము.

సీసము-ఆమ్లము బ్యాటరీ బరువులో సగమునకు పైగా సీసమే. ఆ సీసము వాడుకచే నశించునది కాదు. కరిగించి మరల క్రొత్త బ్యాటరీగా పోయవచ్చును. అనగా మనము "చచ్చిపోయినది" అని మూలకు నెట్టిన పెట్టె, కర్మాగారము దృష్టిలో ముడిసరకు. తిరుపతి సమీపమునగల కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ దేశములోని పెద్ద బ్యాటరీ సంస్థలలో నొకటిగా ఎదిగినది. అట్టి పరిశ్రమలు నడచుటకు గనులనుండి వచ్చు సీసముతో పాటు మన యిండ్లనుండి మరలి పోవు సీసము కూడ కావలెను.

రెండవ కారణము శాసనము. 2001లో కేంద్రప్రభుత్వము చేసిన బ్యాటరీల నియమములు, క్రొత్త సీసపు బ్యాటరీ అమ్మినవారు పాతదానిని తిరిగి సేకరింపవలెనని విధించినవి. ఆ నియమముల స్థానమున 2022 ఆగస్టు 22న బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములు వచ్చినవి. ఇవి సీసపు బ్యాటరీలకే గాక లిథియము బ్యాటరీలకును, విద్యుద్వాహనముల బ్యాటరీలకును కూడ వర్తించును. తయారుచేసినవారే, దిగుమతి చేసికొన్నవారే, తాము విపణిలో విడిచిన బ్యాటరీని మరల రప్పించు బాధ్యత వహింపవలెను. అందులకై వారు ధరావతు తీసికొని తిరిగి ఇచ్చు పద్ధతిని గాని, పాతదానిని కొనుక్కొను పద్ధతిని గాని, మరి యే విధానమును గాని అవలంబింపవచ్చునని ఆ నియమములే చెప్పుచున్నవి. కాబట్టి ధరావతు అడుగుట మోసమని తలపరాదు. అది శాసనము గుర్తించిన పద్ధతి. ధరావతును ధరలో కలిపి చెప్పుటయు, తిరిగి ఇయ్యవలసిన దినమున జాగు చేయుటయు మాత్రమే మనము కనిపెట్టి యుండవలసిన విషయములు.

ఒక ఉదాహరణముతో లెక్క చూతము. అంకెలు సులువుకొరకు కల్పించినవే గాని బజారు ధరలు కావు. మూడు చక్రముల బండికి నాలుగు సీసపు బ్యాటరీలు కావలెననుకొందము. పాతది ఇయ్యకుండ కొన్నచో ఒక్కొక్కటి 12,000 రూపాయలు; నాలుగింటికి 48,000. దీనిపై నూటికి 18 చొప్పున వస్తుసేవల పన్ను 8,640. వెరసి 56,640 రూపాయలు. దుకాణదారుడు మాత్రము, "పాతవి ఇస్తే ఒక్కొక్కటి తొమ్మిదిన్నర వేలేనండీ" అనును. వినినవాడు 38,000 రూపాయలను మనసులో పెట్టుకొని ఇంటికి పోయి సొమ్ము సమకూర్చుకొనును. పన్ను మాట ఇంకను రాలేదు.

ఈ పన్ను ఎంతపై పడవలెను? 38,000పైన అని మనము అనుకొందుము. అట్లయిన 6,840 రూపాయలు. కాని వస్తుసేవల పన్ను నియమావళిలో 27వ నియమము పాత వస్తువు మార్పిడి గూర్చి వేరుగా చెప్పుచున్నది. అందులో ఒక ఉదాహరణ మున్నది: పాత టెలిఫోను ఇచ్చి 20,000 రూపాయలకు క్రొత్తది కొన్నను, మార్పిడి లేకుండ దాని ధర 24,000 అయినచో, పన్ను కొరకు విలువ 24,000గానే ఎంచవలెను. ఈ రీతిని మన బ్యాటరీలకు పన్ను 8,640 అగును. మొత్తము 56,640, అందుండి పాతవాని విలువ 10,000 పోగా 46,640. మొదట చెవిని బడిన 38,000కును, చేతినుండి పోయిన 46,640కిని గల వ్యత్యాసము 8,640 రూపాయలు. ఇందులో ఎవరును అబద్ధమాడలేదు. ఒక అంకె మాత్రము ఆలస్యముగా వచ్చినది.

ఇప్పుడు ఇదే వ్యాపారము ధరావతు పద్ధతిలో జరిగినదనుకొందము. బిల్లులో బ్యాటరీల ధర 38,000, పన్ను 6,840, పాతవి తెచ్చువరకు ధరావతు 10,000. ఆనాడు చెల్లించునది 54,840. పాతవి గడువులోపల ఇచ్చినచో 10,000 తిరిగి వచ్చి, నికరముగా 44,840 నిలుచును. ధరావతుపై పన్ను వేయరాదా? వస్తుసేవల పన్ను చట్టము ప్రకారము, సరఫరా నిమిత్తము ఇచ్చిన ధరావతును, అమ్మినవాడు దానిని ధర క్రింద జమకట్టుకొనునంతవరకు, చెల్లింపుగా ఎంచరాదు. కావున తిరిగి వచ్చు ధరావతుపై పన్ను కట్టిన బిల్లు కనబడినచో వివరమడుగుట కొనుగోలుదారుని హక్కు. పాతవి తేకుండ గడువు దాటిపోయి, ధరావతు ధరగా మారినచో, అప్పుడు దానిపై 1,800 పన్ను కూడ వచ్చి మొత్తము మరల 56,640 అగును. చూడుడు, గడువు అను ఒక్క మాటలో 11,800 రూపాయలు ఇమిడియున్నవి.

అంతేకాదు. ఆ పదివేలను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు, ధరావతు నెలరోజులు ఆలస్యమైనచో 200 రూపాయలు వడ్డీ కట్టును. దినవెచ్చము దినమునకే సంపాదించుకొను బండివానికి అది చిన్న మొత్తము కాదు. తిరిగి వచ్చు సొమ్మైనను, అది తిరిగి వచ్చువరకు మనకు ఖర్చు వంటిదే.

పన్నును గూర్చి మరియొక విశేషము. 2019 ఆగస్టు 1 నుండి విద్యుద్వాహనములపై పన్ను నూటికి 12 నుండి 5కు తగ్గినది. కారుతో కలిసి వచ్చిన బ్యాటరీకి ఆ అయిదే వర్తించును. అదే బ్యాటరీని తరువాత విడిగా కొన్నచో నూటికి 18. లిథియము బ్యాటరీలకు 2018 జూలై నుండి 18 ఉన్నది. సీసపు బ్యాటరీలకు పూర్వము 28 ఉండగా 2025 సెప్టెంబరు 22 నుండి అదియు 18 అయినది. కాబట్టి కారు వెలలో బ్యాటరీకి ఎంత పట్టినదో లెక్కించి, మార్పిడికిని అంతే కాగలదనుకొన్నవారు పదమూడు వంతుల పన్నును మరచినవారగుదురు.

ఈ చిక్కు మనకే వచ్చినది కాదు. అమెరికా దేశమున నిస్సాన్ సంస్థ తన లీఫ్ అను కారుకు మార్పిడి బ్యాటరీ ధరను 2014 జూన్‌లో ప్రకటించినది. ఆ ధర 5,499 డాలర్లు. ఆ అంకెలో పాత బ్యాటరీకి కట్టిన వెయ్యి డాలర్ల విలువ అప్పటికే తీసివేయబడి యున్నది. పాతదానిని అప్పగించుట తప్పనిసరి షరతు. అనగా అసలు ధర 6,499. పన్నును, బిగింపు కూలియు దానిలో చేరలేదు. పని సుమారు మూడు గంటలు పట్టునన్నారు. 2011, 2012 సంవత్సరముల నాటి కార్లకు క్రొత్త బ్యాటరీ అమరుటకై అదనపు సామగ్రి వేరుగా కావలెను. దాని వెల సుమారు 225 డాలర్లు. ఆ సంస్థ ఈ షరతులనన్నిటిని బహిరంగముగా చెప్పినది. అయినను జనుల నోట నిలిచినది 5,499 అను అంకె యొక్కటే. చెప్పబడిన షరతులే ఇట్లు మరుగుపడినచో, చెప్పబడనివాని మాట యేమి?

సీసపు బ్యాటరీని గూర్చి చెప్పిన లెక్కను యథాతథముగా లిథియము బ్యాటరీకి అన్వయింపరాదు. పాత సీసపు బ్యాటరీకి తూనికతో ధర కట్టవచ్చును. లిథియము బ్యాటరీ విలువ దాని లోపలి రసాయనముపై ఆధారపడును. కొన్నింట నికెలు, కోబాల్టు వంటి ప్రియమైన లోహములుండును. మన దేశపు విద్యుత్కార్లలో పెక్కింట వాడు లిథియము-ఇనుము-ఫాస్ఫేటు బ్యాటరీలో ఆ రెండును లేవు. అది మన్నికలో మేలైనది, వేడికి కొంత నిబ్బరమైనది. కాని పాతసరుకుగా కరిగించువానికి దానిలో లాభము తక్కువ. "అంత ఖరీదు పెట్టి కొన్నదానికి పాతవెల ఇంతేనా?" అని ఆశ్చర్యపడకుండ ఈ సంగతి ముందుగా తెలిసియుండుట మంచిది.

అయితే దానికి వేరొక విలువ కలదు. కారుకు పనికిరాని బ్యాటరీ అన్నిటికిని పనికిరానిది కాదు. కొత్తలో నున్న శక్తిలో నూటికి డెబ్బది వంతులు నిలువ చేయగలిగిన బ్యాటరీ కారును దూరము నడపలేకపోయినను, మేడమీది సౌరఫలకముల విద్యుత్తును రాత్రికి దాచి యుంచగలదు. అందుచేత పాత పెట్టెను పాడుచేయకుండ అప్పగించినవానికి ఎక్కువ, విప్పి చెడగొట్టినవానికి తక్కువ అను నిబంధన న్యాయమైనదే. కాని "మంచి స్థితి" అనగా నేమి? పైపెట్టె సొట్టపడినచో నెంత తగ్గింతురు? నీరు దిగినచో నెంత? బయటి మిస్త్రీ ఒక్కసారి మూత తెరచినచో ధరావతంతయు పోవునా? ఈ ప్రశ్నలకు జవాబు సొమ్ము కట్టుటకు ముందే కాగితముపై రావలెను. పరీక్ష చేయువాడు కంపెనీవాడే, తగ్గింపు నిర్ణయించువాడును అతడే అయినపుడు, అప్పగించిన దినమున తీసిన ఛాయాచిత్రమును, సంతకముగల రసీదును మాత్రమే కొనుగోలుదారునకు సాక్ష్యములు.

ఇక బిల్లులో మొదట కనబడని ఖర్చులకు వత్తము. రామచంద్రపురము 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన కోనసీమ జిల్లాలో చేరినది. జిల్లా కేంద్రమైన అమలాపురమునకు పోవలెనన్న గౌతమిని దాటవలెను. పెద్ద బేరములకు మనవారు అలవాటుగా కాకినాడకో రాజమహేంద్రవరమునకో పోవుదురు. సీసపు బ్యాటరీని ఊరిలోని మిస్త్రీ మార్చగలడు. కారు లిథియము బ్యాటరీ అట్టిది కాదు. అది వందల కిలోల బరువు గలది, కారు అడుగున బిగింపబడియుండును, అందలి విద్యుత్పీడనము ప్రాణాపాయకరము. దానిని దింపుటకు లిఫ్టును, శిక్షణ పొందిన పనివాడును, ప్రత్యేకమైన చేతితొడుగులును కావలెను. నడవని కారును అట్టి కర్మశాలకు లారీపై మోయించుకొని పోవు కిరాయి మొదటి దాగిన ఖర్చు. పరీక్షకు తీసికొను రుసుము రెండవది. బ్యాటరీ మార్చినను మార్చకున్నను అది కట్టవలసి రావచ్చును.

మూడవది చిల్లర సామగ్రి: తీగెలు, బోల్టులు, నీరు చొరకుండ నుంచు రబ్బరు పట్టీలు, చల్లబరచు ద్రవము. నాలుగవది క్రొత్త బ్యాటరీకిని, కారులోని గణకయంత్రమునకును పరిచయము చేయు పని. లోపలి కాపలా వ్యవస్థ క్రొత్త పెట్టెను గుర్తింపకున్నచో, బ్యాటరీ నిండియున్నను బండి కదలదు. అయిదవది చార్జరు. సీసపు బ్యాటరీల స్థానమున లిథియము వేయించుకొను మూడు చక్రముల బండ్లవారు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. పాత చార్జరు సీసము స్వభావమునకు తగినట్లు చేయబడినది. దానితో లిథియమును నింపుట బ్యాటరీకి చేటు, ఇంటికి ప్రమాదము. అంతేకాక, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా వాహనమును మార్చుట మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు సంబంధించిన విషయము. అనుమతి లేని మార్పు ప్రమాద సమయమున భీమా పరిహారమునకు అడ్డు కాగలదు.

ఆరవది ఏ బిల్లులోను కనబడదు. అది బండి నిలిచియున్న దినముల సంపాదన. బ్యాటరీ ఊరినుండి రావలెనని వారము దినములు ఆగిన ఆటోవానికి, ఆ వారపు కూలి కూడ బ్యాటరీ ధరలో భాగమే. అందుచేత "ఎంతకు ఇత్తురు?" అను ప్రశ్నతో పాటు "ఎన్నాళ్ళకు ఇత్తురు?" అని కూడ అడుగవలెను.

సొమ్ము తక్కువైనప్పుడు నాలుగు సీసపు బ్యాటరీలలో చెడిన ఒక్కదానిని మాత్రము మార్చు అలవాటు కలదు. కాడికి ఒక ముసలి యెద్దును, ఒక కోడెను కట్టినట్లుండును ఆ పని. వరుసగా కలిపిన బ్యాటరీలలో బలహీనమైనది ముందుగా ఖాళీ యగును, ముందుగా నిండిపోవును. బలమైనది దానివెంట నడువవలసి క్రొత్తతనమునకు ముందే అలసిపోవును. మిగిలిన మూడును ఇంచుమించు ఒకే ప్రాయము గలవై, మంచి స్థితిలో నున్నవని కొలిచి చూచిన పిమ్మటనే ఒక్కదానిని మార్చుట తగును.

భీమా యున్నది గదా అని కొందరు ధైర్యపడుదురు. బ్యాటరీ వాడుకచే అరుగుట భీమా క్రిందికి రాదు. ప్రమాదమున చెడినను, సాధారణ మోటారు భీమా పద్ధతిలో రబ్బరు, ప్లాస్టిక్కు భాగములకు వలెనే బ్యాటరీలకును సగము తరుగు తీసివేయుట వాడుక. ఆ తరుగు లేకుండ చేయు అదనపు రక్షణకు వేరుగా ప్రీమియము కట్టవలెను. కాలువ గట్లు తెగి, తుపాను వర్షములకు వీథులు మునుగు మన ప్రాంతములో, నిలిచిన నీటిలో బండిని నడిపినపుడు బ్యాటరీకి కలిగిన చెరుపు భీమాలో చేరునా, వారంటీలో చేరునా, రెంటిలోను చేరదా అని పత్రము చదివించుకొనుట మేలు.

వారంటీ యను హామీకి వత్తము. కార్ల బ్యాటరీకి ఎనిమిదేండ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, రెంటిలో ఏది ముందు ముగిసిన నది, అను హామీ మన దేశములో వాడుకలో నున్నది. కొన్నేండ్ల పిమ్మట శక్తి సహజముగా తగ్గును. ఏ మేరకు తగ్గినచో దానిని లోపముగా నెంచుదురో ఆ పత్రములో వెదకవలెను. నూటికి డెబ్బది అను హద్దు పెక్కుచోట్ల కనబడును. మరియొక ప్రశ్న: హామీ కాలములో మార్చి యిచ్చిన బ్యాటరీకి క్రొత్తగా ఎనిమిదేండ్లు మొదలగునా, లేక పాత గడువులో మిగిలిన నెలలే వర్తించునా? ఈ రెంటికిని గల తేడా లక్షలలో నుండవచ్చును.

బ్యాటరీ కొననే కొనక అద్దెకు తీసికొను పద్ధతియు నేడు వచ్చినది. బ్యాటరీ లేకుండ విద్యుద్వాహనములను అమ్మి రిజిస్టరు చేయవచ్చునని కేంద్ర రవాణా శాఖ 2020 ఆగస్టులో తెలిపినది. 2024 సెప్టెంబరులో ఎమ్.జి. సంస్థ విండ్సర్ అను కారును, 9.99 లక్షల రూపాయల ప్రారంభ ధరకును, బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దెకును ప్రకటించినది. ఇందులో సుఖమున్నది: బ్యాటరీ ముసలిదైన భయము యజమానికి తగ్గును. కాని అద్దె వాడినంతకేనా, వాడకున్నను నెలకు కనీస మొత్తమున్నదా? మధ్యలో బండి అమ్మినచో ఆ ఒప్పందము కొన్నవానికి పోవునా? అద్దె యిచ్చు సంస్థయే మూతపడినచో నేమి గతి? ఈ కడపటి ప్రశ్న ఊహామాత్రము కాదు. 2007లో స్థాపింపబడిన బెటర్ ప్లేస్ అను సంస్థ ఇజ్రాయెలు, డెన్మార్కు దేశములలో బ్యాటరీలను తన సొత్తుగా నుంచుకొని, నెలచందాకు మార్చి యిచ్చు కేంద్రములను నడిపినది. 2013 మే నెలలో అది దివాలా తీసినది. కార్లు జనులవి; వాని ప్రాణము వంటి బ్యాటరీలు మాత్రము దివాలా తీసిన సంస్థవి.

పాత బ్యాటరీని దుకాణమున కీయక, వీథిలో వచ్చు పాతసామానుల వానికి ఇచ్చినచో నూరో రెండు నూర్లో ఎక్కువ రావచ్చును. ఆ ఎక్కువ ఎక్కడనుండి వచ్చినది? ఆమ్లమును కాలువలో పారబోసి, ఆరుబయట పొయ్యిపై సీసమును కరిగించువాడు శుద్ధి యంత్రములపై ఏమియు ఖర్చు పెట్టడు. ఆ ఖర్చును చుట్టుప్రక్కల పిల్లలు చెల్లింతురు. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ అను సంస్థలు 2020 జూలైలో వెలువరించిన నివేదిక ప్రకారము ప్రపంచములోని పిల్లలలో ముగ్గురిలో ఒకరి రక్తమున, డెసిలీటరుకు అయిదు మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని సీసము కలదు. పాత బ్యాటరీలను నాటుపద్ధతిని కరిగించుట అందుకు ముఖ్య కారణములలో ఒకటిగా ఆ నివేదిక చెప్పినది. సీసము పిల్లల మెదడుకు చేయు హాని మరల బాగుపడునది కాదు. మన మాగాణి నేలలలో నీరు పైపైననే యుండును. బావికిని, చెరువునకును, వరిమడికిని నడుమ దూరము తక్కువ. నూరు రూపాయల కొరకు పాత బ్యాటరీని దారి తప్పింపకుండుటకు ఈ ఒక్క సంగతి చాలును. 2022 నియమముల ప్రకారము కూడ వాడుకదారుడు పాత బ్యాటరీని ఇతర చెత్తతో కలుపక, సేకరించు లేక శుద్ధిచేయు సంస్థకే అప్పగింపవలెను. విద్యుద్వాహనముల బ్యాటరీలోని పదార్థములలో 2026-27 నుండి నూటికి తొంబది వంతులు తిరిగి రాబట్టవలెనని ఆ నియమములు శుద్ధి సంస్థలకు లక్ష్యము విధించినవి. పెట్టె వారి చేతికి చేరిననే గదా ఆ లక్ష్యము నెరవేరుట!

ఇంతవరకు చెప్పినదానిని ఆచరణలో పెట్టుట కష్టము కాదు. దుకాణమునకు పోయినపుడు ఒక తెల్లకాగితమున నాలుగు వరుసలు గీయించుకొనుడు. మొదటి వరుసలో ఎన్నటికిని తిరిగి రానిది: బ్యాటరీ ధర, పన్ను, బిగింపు కూలి, సామగ్రి, మోత కిరాయి. రెండవదానిలో తిరిగి వచ్చునది: ధరావతు ఎంత, ఏ తేదీలోపల పాతది ఇయ్యవలెను, ఇచ్చిన ఎన్ని దినములకు సొమ్ము ఇత్తురు, నగదా లేక తరువాతి కొనుగోలులో తగ్గింపా. మూడవదానిలో ఆ ధరావతులో కోత పడు సందర్భములు. నాలుగవదానిలో హామీ వివరములు, బ్యాటరీ క్రమసంఖ్య, అప్పగించిన పాతదాని క్రమసంఖ్య. రెండు మూడు దుకాణములలో ఇట్లే వ్రాయించి, మొదటి వరుసల మొత్తములను మాత్రము సరిపోల్చుడు. తక్కువ ధర చెప్పినవాడే చవుకగా ఇచ్చువాడని చెప్పుటకు వీలులేదని అప్పుడు తెలియగలదు.

ఈ కాగితము వ్రాయుటకు మంచి వర్తకుడు జంకడు. అతని గిరాకీ నమ్మకముపై నిలిచినది గనుక అతనికే అది మేలు. ధరావతు తిరిగి రాక చిక్కువచ్చినచో, ముందుగా వ్రాతమూలముగా అడుగవలెను. పిమ్మట 1915 అను జాతీయ వినియోగదారుల టెలిఫోను సహాయమున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము కొనుగోలుదారుడు తాను నివసించు జిల్లాలోని కమిషనుకే ఫిర్యాదు చేసికొనవచ్చును. వస్తువునకు చెల్లించిన సొమ్ము అయిదు లక్షలకు మించనిచో రుసుము లేదు. కాని ఆ తలుపు తట్టినప్పుడును మొదట అడుగునది రసీదే.

పూర్వము కరెంటు లేని పల్లెలలో రేడియోలు బ్యాటరీలతోనే పలికెడివి. బ్యాటరీ అరిగినపుడు పాట ఆగిపోయెడిది. అంతకంటె నష్టము లేదు. నేడు బ్యాటరీతో పాటు ఒక కుటుంబపు రాకపోకలు, ఒక్కొక్కచోట దాని జీవనమును ఆగిపోవుచున్నవి. కాబట్టి ఈ లెక్కను బండి ఆగిన దినమున గాక, బండి చక్కగా నడచుచున్న దినములలోనే వేసికొనుట మంచిది. నెలనెల పెట్రోలుపై మిగిలినదానిలో కొంత ప్రత్యేకముగా తీసి దాచుకొన్నచో, ఆ దినము వచ్చినపుడు ధర చెల్లించుటకును, ధరావతు కట్టుటకును వడ్డీవ్యాపారి గుమ్మము ఎక్కవలసిన యగత్యముండదు.